రెండో కుర్చీ కోసం బేరం: మొక్కజొన్న రైతు హెన్రీ వాలెస్ కథ

పంచాయతీ ఎన్నికలైన రోజు సాయంత్రం మన ఊళ్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. సర్పంచి ఎవరో జనం ఓట్లతో తేలిపోతుంది. డప్పులు మోగుతాయి, రంగులు చల్లుకుంటారు. ఉపసర్పంచి ఎవరనేది మాత్రం తలుపులు మూసుకుని తేలుస్తారు. వార్డు మెంబర్లను ఇటు లాగేవాడొకడు, అటు లాగేవాడొకడు. పెద్దరైతులు గదిలో ఉంటారు, కూలిజనం వేపచెట్టు కింద ఉంటుంది. రెండో కుర్చీయే గదా, ఎవడికొస్తే మనకేంటి అనుకుని ఇంటికి పోతాం. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద రెండో సంతకాన్ని ఉపసర్పంచి చేతిలో పెట్టాక గానీ ఆ కుర్చీ విలువ చాలామందికి అర్థం కాలేదు.

అమెరికాలోనూ ఇలాంటి రెండో కుర్చీ ఒకటుంది, ఉపాధ్యక్షుడిది. మామూలు రోజుల్లో దానికి పెద్ద పని ఉండదు. అయితే అధ్యక్షుడు చనిపోతే ఆ కుర్చీలో ఉన్నవాడే మళ్లీ ఓట్లు అక్కర్లేకుండా దేశాధినేత అవుతాడు. 1944లో ఆ కుర్చీ కోసం జరిగిన బేరంలో ఒక మొక్కజొన్న రైతును పక్కకు నెట్టేశారు. ఆయన పేరు హెన్రీ వాలెస్. ఆయన మన పార్టీవాడు కాదు, కమ్యూనిస్టూ కాదు. పెట్టుబడిదారీ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నవాడు. తప్పులూ చేశాడు. అయినా ఆయన జీవితం నుంచి రైతుకూలీలూ కౌలుదార్లూ నేర్చుకోవలసింది చాలా ఉందని మా అభిప్రాయం.

అందమైన కంకి, బరువైన కంకి

వాలెస్ 1888 అక్టోబరు 7న అయోవా రాష్ట్రంలో ఒక పొలంలో పుట్టాడు. అయోవా అంటే మొక్కజొన్న, పందులు. ఆ రాష్ట్రం బతుకంతా ఆ రెండింటి మీదే. తాతా తండ్రీ ఇద్దరూ వ్యవసాయదారులే, ఇద్దరూ పత్రికా రచయితలే. కుటుంబం నడిపిన వ్యవసాయ పత్రికను రైతులు ఇంటింటా చదివేవారు. తండ్రి 1921 నుంచి 1924లో చనిపోయేదాకా అమెరికా వ్యవసాయ మంత్రిగా ఉన్నాడు. కాబట్టి మనవాడు గుడిసెలో పుట్టాడని చెప్పి మేము మిమ్మల్ని మోసం చెయ్యదలచుకోలేదు.

కానీ ఆ పిల్లవాడికి దొరికిన మొదటి గురువును చూడండి. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనే నల్లజాతి శాస్త్రజ్ఞుడు బానిస కుటుంబంలో పుట్టినవాడు. చదువు కోసం ఊరూరా తిరిగి, చివరికి వాలెస్ తండ్రి పాఠాలు చెప్పే అయోవా వ్యవసాయ కళాశాలకు చేరాడు. ఆయన ఈ చిన్న హెన్రీని వెంటబెట్టుకుని పొలాల గట్ల మీద తిప్పుతూ గడ్డినీ, మొక్కల్నీ, పువ్వులనీ చూపించేవాడు. తెల్లవాళ్లు నల్లవాళ్లను పక్కన కూర్చోనివ్వని రోజుల్లో ఒక తెల్ల పిల్లవాడు మొక్కల విద్య నేర్చుకున్నది ఒక నల్లవాడి దగ్గర. ఆ సంగతి వాలెస్ చివరిదాకా మరిచిపోలేదు.

ఆ రోజుల్లో అయోవాలో మొక్కజొన్న కంకుల పోటీలు జరిగేవి. వరసలు తీరుగా ఉన్న నున్నటి, నిండు కంకికి బహుమతి. అందమైన కంకి గింజలే మంచి విత్తనమని ప్రొఫెసర్లు చెప్పేవారు. పదిహేను పదహారేళ్ల వాలెస్‌కు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. బహుమతి కంకుల గింజలు తీసుకుని వేరువేరు సాళ్లలో నాటాడు. పండాక కోసి తూకం వేశాడు. అందానికీ దిగుబడికీ సంబంధం లేదని తేలిపోయింది. పైరు యోగ్యత తక్కెడలోనే తేలాలి గానీ చూసేవాడి కంట్లో కాదని ఆ కుర్రవాడు అప్పుడే గ్రహించాడు. మనుషుల విషయంలోనూ ఇదే లెక్క అని తర్వాత ఆయన బతుకే చూపింది.

1910లో చదువు ముగించి పత్రికలో చేరాడు. పత్రిక పని చేస్తూనే మొక్కజొన్న మీద ప్రయోగాలు సాగించాడు. ఒక్కో రకాన్ని కొన్ని తరాలపాటు తనలో తానే ఫలదీకరణం చెందేట్టు చేసి, తర్వాత రెండు రకాలను కలిపితే పుట్టే సంకర విత్తనం ఎక్కువ పండుతుంది. దాన్నే మనం హైబ్రిడ్ అంటున్నాం. ఆ విత్తనం అమ్మడానికి 1926లో కంపెనీ పెట్టాడు. తర్వాత పయొనీర్ పేరుతో ప్రపంచమంతా పాకిన కంపెనీ అదే. పదిహేనేళ్లు తిరగకుండా అయోవా చేలన్నీ హైబ్రిడ్‌తో నిండిపోయాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. హైబ్రిడ్ పంట గింజలు దాచి మళ్లీ వేస్తే ఆ దిగుబడి రాదు. ఏటేటా విత్తనం కొనవలసిందే. గాదెలో ఉండే విత్తనం అంగడికి చేరింది. రైతుకు మేలు చెయ్యాలని బయల్దేరిన మనిషి చేతుల మీదుగానే విత్తనం రైతు చెయ్యి జారింది. 1999లో ఆ కంపెనీ మొత్తాన్ని డ్యూపాంట్ అనే రసాయనాల గుత్త సంస్థ కొనేసింది. మొక్కజొన్న విత్తనాల సంచి కొనే మన రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పండిన పంటే పొయ్యిలో కట్టె

మొదటి ప్రపంచ యుద్ధం ముగియగానే అమెరికాలో పంటల ధరలు కుప్పకూలాయి. 1929 సంక్షోభంతో మిగిలిందీ పోయింది. 1932 నాటికి అయోవాలో పాతిక కిలోల మొక్కజొన్నకు పది సెంట్లు వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. బొగ్గు కొనడం కన్నా కంకులు తగలబెట్టుకోవడమే చవకైంది. అప్పు తీర్చలేని రైతుల భూములను బ్యాంకులు వేలం వేయించాయి. రైతులు ఊరుకోలేదు. రోడ్ల మీద అడ్డాలు కట్టి పాల బండ్లను ఆపారు. వేలం జరిగే చోట గుంపుగా నిలబడి, ఎవరినీ పాడనివ్వకుండా, అర్ధణా పాట పాడి వస్తువులను మళ్లీ సొంతదారుకే ఇప్పించారు. 1933 ఏప్రిల్లో లె మార్స్ ఊళ్లో జప్తులు ఆపనన్న జడ్జీని కోర్టులోంచి ఈడ్చుకొచ్చి మెడకు తాడు కూడా బిగించారు, ప్రాణం తీయలేదు.

ఈ మంట మీదనే 1933 మార్చిలో రూజ్వెల్ట్ అధ్యక్షుడయ్యాడు, వాలెస్ వ్యవసాయ మంత్రి అయ్యాడు. మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం వచ్చింది. పంట తక్కువ వెయ్యండి, ధర పెరుగుతుంది, వెయ్యని భూమికి ప్రభుత్వం డబ్బిస్తుంది అన్నది దాని సారం. కానీ చట్టం వచ్చేసరికే పత్తి మొలిచి ఉంది, పందులు ఈని ఉన్నాయి. సుమారు కోటి ఎకరాల పత్తి చేను దున్నించేశారు. దాదాపు అరవై లక్షల పందిపిల్లలను చంపించారు. అందులో కొంత మాంసం పేదలకు పంచారు. చిరుగుల బట్టలవాళ్లు తిరిగే దేశంలో పత్తి దున్నేశారు, ఆకలి క్యూలు నిలబడ్డ దేశంలో పందుల్ని చంపారు. లాభం కోసమే పంట పండించే వ్యవస్థ ఎంత వెర్రిదో చెప్పడానికి మేము వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. పైరు పెంచడమే జీవితంగా బతికిన వాలెస్‌కూ ఈ పని మింగుడు పడలేదు. అయినా సంతకం పెట్టాడు.

చెక్కు ఎవరి చేతికి?

కౌలుదార్లు జాగ్రత్తగా చదవవలసింది ఇక్కడే.

దక్షిణాది పత్తి రాష్ట్రాల్లో భూమి దొరలది, చాకిరీ వాటాకు చేసే కౌలుదార్లది. నల్లవాళ్లూ ఉన్నారు, తెల్లపేదలూ ఉన్నారు. విత్తనం, తిండిగింజలు, బట్ట అన్నీ దొర దుకాణం నుంచి అప్పుగా తెచ్చుకోవడం, కోతల తర్వాత లెక్క చూస్తే ఇంకా బాకీయే మిగలడం మామూలు. పత్తి వెయ్యనందుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు దొర పేరుతో వచ్చింది. కౌలుదారుకు అందులో వాటా ఇవ్వాలని కాగితం మీద ఉంది. దొరలు ఆ వాటా ఇవ్వలేదు, చాలామంది పాత బాకీలో జమ కట్టుకున్నారు. ఇంకా తెలివైనవాళ్లు కౌలుదార్లనే వెళ్లగొట్టారు. పంట తగ్గించాక ఇంతమంది చేతులు ఎందుకని వాళ్ల వాదన. కుటుంబాలు మూటాముల్లెతో రోడ్డున పడ్డాయి.

1934 జులైలో ఆర్కాన్సా రాష్ట్రంలోని టైరోంజా దగ్గర పద్దెనిమిదిమంది కూడారు. పదకొండుమంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. విడివిడి సంఘాలు వద్దు, ఒకే సంఘం కావాలని తీర్మానించుకున్నారు. అలా దక్షిణాది కౌలు రైతుల సంఘం పుట్టింది. దొరల గూండాలు సభల మీద పడ్డారు, ఇళ్ల మీద కాల్పులు జరిపారు. సంఘం నిలబడింది. 1935లో పత్తి తీత కూలీల సమ్మె చేసి కూలి రేటు పెంచుకుంది.

ఆ గొడవ వాలెస్ కచేరీ దాకా వచ్చింది. ఒప్పందం ప్రకారం ఉన్న కౌలుదార్లనే దొరలు కొనసాగించాలని శాఖలోని కొందరు యువ న్యాయవాదులు ఉత్తర్వు తయారుచేశారు. దక్షిణాది సెనేటర్లు భగ్గుమన్నారు. వాళ్లు లేకపోతే రూజ్వెల్ట్ ప్రభుత్వానికి బిల్లు కదలదు. 1935 ఫిబ్రవరిలో వాలెస్ దొరల పక్షమే మొగ్గాడు. ఆ ఉత్తర్వు రద్దయింది, జెరోమ్ ఫ్రాంక్‌తో సహా ఆ న్యాయవాదుల ఉద్యోగాలు పోయాయి. ఇది ఆయన జీవితంలో చెరగని మచ్చ. రాజకీయంగా మరో దారి లేదని ఆయన అనుకున్నాడు. రోడ్డున పడ్డ కుటుంబాలకు ఆ సమాధానం సరిపోదు.

అయితే వాలెస్ అక్కడే ఆగిపోలేదు. 1936 చివర తానే దక్షిణాదికి వెళ్లి ఆ గుడిసెలు చూశాడు. ఆ దరిద్రం చూసి చలించిపోయాడు. 1937లో కౌలుదార్లకు భూమి కొనుక్కునేందుకు అప్పులిచ్చే చట్టం వచ్చింది. ఆయన శాఖ కింద ఏర్పడ్డ వ్యవసాయ భద్రతా సంస్థ పేదరైతులకు అప్పులిచ్చింది, వలస కూలీలకు శిబిరాలు కట్టింది. 1938 చట్టంతో మంచి పంట ఏడాది ధాన్యం నిలవచేసి, కరువు ఏడాది బయటికి తీసే పద్ధతి వచ్చింది. 1939లో పేదలకు ఆహార కూపన్లు మొదలయ్యాయి. కౌలుదారుకు అందింది అవసరానికి చాలా తక్కువే. ఆ కొంచెమైనా కదిలిందంటే టైరోంజా దగ్గర నిలబడ్డ సంఘం ఒత్తిడి ఉంది కాబట్టే అని మా నమ్మకం.

మన దగ్గర 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు పాసుపుస్తకం వెంట పోయింది. చెమటోడ్చిన కౌలుదారు పేరు ఆ లెక్కలో లేదు. చెక్కు ఎవరి పేరున రాస్తారన్న ప్రశ్న ఆర్కాన్సాలోదే కాదు, మనదీ.

1940: రూజ్వెల్ట్ పట్టుబట్టాడు

1940లో రూజ్వెల్ట్ మూడోసారి పోటీకి దిగాడు. అప్పటిదాకా ఉపాధ్యక్షుడుగా ఉన్న టెక్సాస్ నాయకుడు గార్నర్‌కు అది ఇష్టం లేదు. రెండో కుర్చీకి చాలామంది కాచుక్కూర్చున్నారు. రూజ్వెల్ట్ వాలెస్ పేరు చెప్పాడు. మధ్యపశ్చిమ రైతుల ఓట్లు కావాలి, సంస్కరణలను నమ్మినవాడు కావాలి. పార్టీ పెద్దలకు ఒళ్లు మండింది. వాలెస్ ఒకప్పుడు ప్రత్యర్థి రిపబ్లికన్ పార్టీవాడు, సిగరెట్టు తాగడు, మందు ముట్టడు, పేకాట గదుల్లో కలవడు. పైగా మన కులు లోయలో స్థిరపడ్డ రష్యా చిత్రకారుడు రోరిక్‌కు గురువని సంబోధిస్తూ ఉత్తరాలు రాశాడు. ఇలాంటివాడు మనకెందుకన్నారు.

రూజ్వెల్ట్ తగ్గలేదు. వాలెస్‌ను ఒప్పుకోకపోతే తానే పోటీలో ఉండనని ప్రకటన రాసి పెట్టుకున్నాడు. షికాగో మహాసభకు భార్య ఎలినార్‌ను పంపించాడు. ఆమె మాట్లాడాక గోల కొంత తగ్గింది. వాలెస్‌కు 626కు పైగా ఓట్లు వచ్చాయి, స్పీకర్ బ్యాంక్‌హెడ్‌కు 329కి పైగా. సభలో ఎంత కోపం ఉందంటే గెలిచిన వాలెస్‌ను వేదికెక్కి మాట్లాడనివ్వలేదు. పైనుంచి నాయకుడు పట్టుబట్టి ఇచ్చిన కుర్చీ అది. కింద పునాది వెయ్యలేదు. నాలుగేళ్ల తర్వాత జరిగిన దానికి కారణం ఇక్కడే ఉంది.

ఉపాధ్యక్షుడుగా వాలెస్ ఊరకే కూర్చోలేదు. 1942 మేలో ఆయన చేసిన ఉపన్యాసం దేశమంతా పాకింది. రాబోయే శతాబ్దం అమెరికాది కాదు, సామాన్యులదని దాని సారం. దక్షిణ అమెరికా నుంచి రబ్బరు కొనే ఒప్పందాల్లో అక్కడి కూలీలకు తిండి, కూలి సరిగా ఇవ్వాలన్న షరతు పెట్టించబోతే బ్యాంకర్ల మనిషి జెస్సీ జోన్స్ అడ్డం తిరిగాడు. 1944లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఇండియాతో సహా ఆసియా వలసలకు స్వాతంత్ర్యం రావాలని రాసి చర్చిల్ ప్రభుత్వానికి కంటగింపయ్యాడు.

1944: గదిలో తూకం

1944 నాటికి రూజ్వెల్ట్ గుండె జబ్బుతో ఉన్నాడు. నాలుగో పదవీకాలం పూర్తిచెయ్యడని దగ్గరివాళ్లందరికీ తెలుసు. అంటే ఉపాధ్యక్షుణ్ణి ఎంచడమంటే కాబోయే అధ్యక్షుణ్ణి ఎంచడమే. మే నుంచి జులై దాకా వాలెస్ సోవియట్ ఆసియాలోనూ చైనాలోనూ ప్రయాణంలో ఉన్నాడు. అక్కడ మగదాన్ ప్రాంతంలో ఆయన్ను ఒక తప్పు చుట్టుకుంది. బంగారు గనుల్లో చాకిరీ చేస్తున్నది ఖైదీలని దాచిపెట్టి చూపిస్తే నమ్మేశాడు. మోసపోయానని 1952లో తానే ఒప్పుకున్నాడు.

ఆయన ఊళ్లో లేని సమయం చూసి పార్టీ పెద్దలు పని చక్కబెట్టారు. జులై 11 రాత్రి వైట్‌హౌస్‌లో కూర్చున్నది ఎవరంటే పార్టీ చైర్మన్ హానెగన్, న్యూయార్క్ నాయకుడు ఫ్లిన్, షికాగో మేయర్ కెల్లీ, మంత్రి వాకర్, చమురు వ్యాపారి పాలీ మొదలైనవాళ్లు. ఒక్క రైతు లేడు, ఒక్క కార్మికుడు లేడు, ఒక్క నల్లమనిషి లేడు. ఒక్కో పేరునూ తీసి చూశారు. సౌత్ కరొలినా నాయకుడు బర్న్స్ సమర్థుడే, కానీ వర్ణవివక్షవాది. నల్లవాళ్లూ కార్మికులూ ఓట్లెయ్యరు. స్పీకర్ రేబర్న్‌కు సొంత టెక్సాస్‌లోనే చీలిక. సెనేట్ నాయకుడు బార్క్‌లీ రూజ్వెల్ట్ కన్నా పెద్దవాడు. జడ్జీ డగ్లస్‌ను రూజ్వెల్ట్ మెచ్చాడు గానీ పెద్దలకు పట్టు చిక్కలేదు. మిగిలింది మిస్సోరీ సెనేటర్ ట్రూమన్. యుద్ధ ఖర్చుల్లో అక్రమాలు పట్టిన కమిటీతో పేరు తెచ్చుకున్నవాడు. ఎవరికీ పెద్దగా కోపం లేనివాడు. ఏ పేరు వల్ల ఎన్ని ఓట్లు పోతాయన్నదే వాళ్ల లెక్క. దేశానికి ఏం కావాలన్నది ఆ లెక్కలోకి రాలేదు.

రూజ్వెల్ట్ ఈసారి పట్టుబట్టలేదు. తాను ప్రతినిధినైతే వాలెస్‌కే ఓటేస్తానని ఒక ఉత్తరం ఇచ్చాడు, మహాసభను శాసించనని అందులోనే చేర్చాడు. ట్రూమన్ గానీ డగ్లస్ గానీ సరేనని ఇంకో చీటీ ఇచ్చాడు. బర్న్స్‌కూ ఆశ చూపాడు. ఆ నెలలో గాలప్ సంస్థ డెమొక్రాట్ ఓటర్లను అడిగితే వాలెస్ వైపు 65 శాతం, ట్రూమన్ వైపు 2 శాతం.

జులై 20న షికాగో మహాసభలో వాలెస్ మాట్లాడాడు. దక్షిణాదిలో పేదలకూ నల్లవాళ్లకూ ఓటు లేకుండా చేసే తలపన్ను పోవాలనీ, జాతి తేడా, ఆడమగ తేడా లేకుండా సమాన పనికి సమాన కూలి ఉండాలనీ దక్షిణాది ప్రతినిధుల మొహం మీదే చెప్పాడు. ఓట్లకు బేరమాడే మనిషి అక్కడ ఆ మాట అనడు. ఆ రాత్రి గ్యాలరీల నిండా కార్మికులు వాలెస్ పేరు జపించారు. ఆర్గన్ మీద అయోవా పాట మోగింది. అప్పుడే ఓటింగు పెడితే గెలిచేవాడని చాలామంది నమ్మారు. ఫ్లోరిడా సెనేటర్ పెప్పర్ పేరు ప్రతిపాదించాలని జనాన్ని తోసుకుంటూ వేదిక మీదికి వస్తున్నాడు. ఆయన మైకు దగ్గరికి చేరకముందే అధ్యక్షస్థానంలో ఉన్న జాక్సన్ సభ వాయిదా వేసేశాడు.

రాత్రంతా హోటల్ గదుల్లో బేరాలు నడిచాయి. మర్నాడు గ్యాలరీ టికెట్లు కట్టుదిట్టం చేశారు. మొదటి విడత ఓటింగులో వాలెస్‌కు 429న్నర, ట్రూమన్‌కు 319న్నర. గెలవడానికి 589 కావాలి. రెండో విడతలో అప్పటిదాకా ఆపిపెట్టిన రాష్ట్రాలు ఒక్కొక్కటే తిరిగాయి. చివరి లెక్క ట్రూమన్‌కు 1031, వాలెస్‌కు 105. సీఐఓ కార్మిక సంఘంలో మర్రే వాలెస్ కోసం గట్టిగా నిలబడ్డాడు. అదే సంఘం నాయకుడు హిల్‌మన్ ముందునుంచే ట్రూమన్‌కు రెండో ఎంపికగా తలుపు తెరిచి ఉంచాడు.

ఎనభై రెండు రోజులు

1945 జనవరి 20న ట్రూమన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ చనిపోయాడు. మధ్యలో ఎనభై రెండు రోజులు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. తర్వాత సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్నయుద్ధం. వాణిజ్య మంత్రిగా ఉన్న వాలెస్ శాంతి కావాలని 1946 సెప్టెంబరు 12న న్యూయార్క్‌లో బహిరంగంగా మాట్లాడితే ఎనిమిదో రోజున ఉద్యోగం పోయింది. వాలెస్ ఉంటే ఇవేవీ జరిగేవి కాదని మేము చెప్పలేం. చరిత్ర ఒక మనిషి మీద నడవదు. ట్రూమన్ చేసినదంతా చెడ్డదనీ అనం. సైన్యంలో వర్ణవివక్షను తీసేసే ఉత్తర్వు 1948లో ఆయనే ఇచ్చాడు. కానీ ఆ రాత్రి వాయిదా ఖరీదు కోట్లమంది ప్రజల తలరాతకు సంబంధించిందని మాత్రం చెప్పగలం.

1948లో వాలెస్ ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున తానే అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఇప్పుడు రెండో కుర్చీకి మనిషిని ఎంచుకునే పని ఆయనదైంది. ఇడాహో సెనేటర్ గ్లెన్ టేలర్ తోడు వచ్చాడు. గుర్రం, గిటారుతో పాటలు పాడుకుంటూ ఓట్లడిగిన మనిషి. ఆ మేలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్లకని కేటాయించిన తలుపులోంచి సభకు వెళ్లబోతే పోలీసులు టేలర్‌ను అరెస్టు చేశారు. వాలెస్ కూడా నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడగొట్టి కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనన్నాడు. దక్షిణాది ఊళ్లలో ఆయన మీద కోడిగుడ్లు, టమాటాలు పడ్డాయి. కమ్యూనిస్టులు బలపరిచారు కాబట్టి దేశద్రోహి అన్నారు. చివరికి వచ్చింది 11 లక్షల 57 వేల ఓట్లు, 2.4 శాతం.

1950లో కొరియా యుద్ధాన్ని సమర్థించి ఆ పార్టీ నుంచీ బయటికొచ్చేశాడు. మాకు అది నచ్చదు, దాచం. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పొలంలో కోళ్లూ, స్ట్రాబెర్రీలూ, గ్లాడియోలస్ పూలూ పెంచుతూ గడిపి 1965 నవంబరు 18న కన్నుమూశాడు.

ఆయన నీడ మన చేల దాకా వచ్చింది. 1940 చివర మెక్సికో వెళ్లి అక్కడి పేద మొక్కజొన్న చేలు చూసొచ్చి రాక్‌ఫెల్లర్ సంస్థను కదిలించాడు. ఆ సంస్థ 1943లో అక్కడ మొదలుపెట్టిన పనిలోంచే పొట్టి గోధుమలు వచ్చి మన హరితవిప్లవానికి దారి వేశాయి. 1961లో మన దేశంలో విడుదలైన తొలి మొక్కజొన్న హైబ్రిడ్లలో ఒకదాని పేరే దక్కన్. దిగుబడి పెరిగింది. నీళ్లూ ఎరువులూ కొనగలిగినవాడికి ముందుగా పెరిగింది.

మనం గుర్తుపెట్టుకోవలసింది

వాలెస్ మంచివాడు కాబట్టి ఓడిపోయాడనుకుంటే మనం ఏమీ నేర్చుకోనట్టే. గ్యాలరీలో జనం ఉన్నారు, కింద ఓటేసే బెంచీల మీద లేరు. కేకలు మనవి, చేతులెత్తేది వాళ్లు. నాయకుడి దయతో వచ్చిన కుర్చీ నాయకుడి మనసు మారితే పోతుంది. 1935లో ఆయన ఏ కౌలుదార్లను వదిలేశాడో, ఆ దక్షిణాదిలో ఆ పేదలకు ఓటే ఉండి ఉంటే 1944లో అక్కడినుంచి వచ్చిన ప్రతినిధులు వేరేగా ఉండేవాళ్లు గదా.

అందుకని రేపు మన ఊళ్లోనో, సొసైటీలోనో, సంఘంలోనో రెండో కుర్చీకి పేర్లు తూచేటప్పుడు చెట్టు కింద నిలబడి ఎదురుచూడొద్దు. గదిలోకి మన మనిషి వెళ్లాలి. పేర్లు రాసే కాగితం దగ్గర మనవాళ్లుండాలి. నిలబెట్టే మనిషిని అందమైన కంకిలా చూసి మురిసిపోకుండా, వేలం రోజున ఎక్కడున్నాడు, కూలి సమ్మె రోజున ఎక్కడున్నాడు, చెక్కు వచ్చిన రోజున కౌలుదారుకు వాటా ఇవ్వమన్నాడా లేదా అని తక్కెడలో వేసి చూడాలి. పదిహేనేళ్ల కుర్రవాడిగా వాలెస్ ఆ పొలంలో చేసింది అదే.